నూనె గుడ్డల కుప్ప

కోర్టుకు ఇంకా సగం దారి ఉందనగా బస్సు టైరు పంచరైంది. అందరూ దిగారు. పాలిష్ మేస్త్రి కల్వర్టు గోడ మీద కూర్చుంటాడు, లేస్తాడు, నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చి కూర్చుంటాడు.

"ఏంటి బాబాయ్, గోడకేమైనా ముళ్లున్నాయా?" అన్నాడు పక్కనే చంకలో ఫైళ్లతో కూర్చున్న ప్లీడరు గుమస్తా.

మేస్త్రి సగం జీవితం కుర్చీలకూ బీరువాలకూ పాలిష్ పెట్టడంతోనే గడిచింది. గోళ్ల సందుల్లోని ఆ రంగు ఏ సబ్బుకూ లొంగదు. పనిచేసేది బావగారి ఫర్నిచర్ షాపులో. కిందటేడు అది కాలి బూడిదైంది. గేటు దగ్గర బీడీ కాల్చే వాచ్‌మన్‌ను పోలీసులు పట్టుకుపోయారు. ఆ కేసులో ఇవాళ మేస్త్రి సాక్షి.

"మా ఫ్రెండొకడు అడగమన్నాడు. తగలబెట్టడం నేరమని తేలాలంటే ఏమేం కావాలి?"

"ఫ్రెండా!" గుమస్తా నవ్వు ఆపుకున్నాడు. "సొత్తు ఇంకొకడిదై ఉండాలి. అది పాడవ్వాలి. కావాలని చేసుండాలి, లేదా ఇలా చేస్తే కాలుతుందని తెలిసీ చేసుండాలి."

"అగ్గిపుల్ల గియ్యకపోయినా?"

"గియ్యకుండా ఎట్లా అంటుకుంటుంది, మంత్రమేశాడా?"

మంత్రం అక్కర్లేదు. పాలిష్‌కు వాడే అవిసెనూనెలో తడిసిన గుడ్డల్ని కుప్పేస్తే లోపల్లోపలే వేడెక్కి వాటంతటవే రాజుకోవచ్చు. అగ్గి మీద అన్ని వేదాంతాలు రాసిన పెద్దలు ఈ గుడ్డల సంగతి ఎందుకు వదిలేశారో! ఏ పాలిష్ పనివాడైనా వాటిని విడివిడిగా తీగ మీద ఆరేశాకే చెయ్యి కడుక్కుంటాడు.

షాపు కాలిన రోజు సాయంత్రం బావ, కొనడానికొచ్చినవాళ్ల ముందే, "గాడిదకు రుద్దినా ఇంతకంటే మెరిసేది కదరా" అన్నాడు. మేస్త్రికి ఒళ్లు మండింది. గుడ్డలన్నీ రంపపు పొట్టు పక్కకు విసిరికొట్టాడు. గుమ్మం దగ్గర ఆగి ఆ కుప్పను చూశాడు. పోతే పోనీ అనుకున్నాడు.

"మర్చిపోయి చేస్తేనో?"

"మరుపైతే వేరు. గుర్తుండీ 'అయితే అవనీ' అనుకున్నాడా, మీ ఫ్రెండు ఇరుక్కున్నట్టే. అయినా మనసులోకి ఎవడు తొంగి చూశాడు? నోరు మూసుకోమనండి."

"మూసుకుంటే?"

"ఇంకొకడు మోస్తాడు."

టైరు మార్చారు. బస్సులో మేస్త్రి మూడు సీట్లు మారి ఫుట్‌బోర్డు మీదికి చేరాడు.

"పెద్దాయనా, మీరు తోస్తే నడుస్తోందా బస్సు? కూచోండి!" అని కండక్టరు అరిచాడు.

కోర్టు గేటు దగ్గర దిగాక మేస్త్రి, "ఆ షాపు కాలిన కేసులో వాచ్‌మన్ తరఫు ప్లీడరు ఎక్కడుంటాడు?" అన్నాడు.

"మెట్ల కింద గది. ఆయనతో మీ ఫ్రెండుకేం..." గుమస్తా గొంతు మారింది. "బాబాయ్, ఆగండి! ముందు మీకో ప్లీడరు కావాలి!"

మేస్త్రి అప్పటికే జనాన్ని తోసుకుంటూ మెట్ల వైపు నడుస్తున్నాడు.