ఎనిమిది గంటల మైదాకు

మా ఇంట్లో ముట్టకుండా పండేది ఏదీ లేదు. ఇటిక్యాల దగ్గర మాది విత్తనాల పత్తి సేద్యం. ఒక్కో మొగ్గనూ వేళ్లతో ఒలిచి, మరునాడు పొద్దున ఇంకో పువ్వు పుప్పొడి రుద్దితేనే కాయ కడుతుంది. చేతులు ఊరుకోని జబ్బు నాకు ఆ చేలోనే పట్టుకుంది.

అలాంటి నన్ను తీసుకెళ్లి ఒక ల్యాబులో యంత్రం ముందు కూర్చోబెట్టారు. అందులో లేజర్ దెబ్బకు వాయువులోంచి ఎలక్ట్రాన్లు ఉరికివస్తాయి. వాటిని వరుస అయస్కాంతాల మధ్య మెలికలు తిప్పితే కంటికి ఆనని పొట్టి అలల వెలుగు పుడుతుంది. వేరే చోట్ల కిలోమీటర్ల సొరంగం చేసే పనిని మాది ఒక్క గదిలో చేస్తుంది. బుద్ధి పుట్టిన రోజు చేస్తుంది, లేని రోజు అలుగుతుంది. దాని తప్పులు అదే దిద్దుకునేలా చివరికి ఒక ప్రోగ్రామ్ రాశాం. ఇక పరీక్ష: ఎనిమిది గంటలు ఎవరి చెయ్యీ పడకుండా వెలుగు నిలవాలి. నిలిస్తే నా ఉద్యోగం ఇంకో మూడేళ్లు. మధ్యలో నేను ఏది సవరించినా పరీక్ష రద్దు, ల్యాబుకు తాళం.

అది సరిగ్గా ఆషాఢంలో వచ్చిపడింది. కొత్త పెళ్లికూతుర్ని కాబట్టి పుట్టింట్లో ఉన్నాను. లాప్‌టాప్‌లోనే కాపలా. నా సంగతి నాకు తెలుసు కదా, పొద్దున్నే అమ్మను బతిమాలాను.

"అమ్మా, నా చేతులు కట్టెయ్యే."

"కట్టుడెందుకు? ఆషాఢమాయె, మైదాకు పెడ్త తియ్."

గోరింటాకు రుబ్బి రెండు చేతులకూ మణికట్టు దాకా మెత్తింది. నిజంగా ప్రమాదమొస్తే తెరమీద ఒక గడి ఎర్రబడుతుంది, అప్పుడు యంత్రం ఆపే మీట నొక్కాలి. ఆ బాధ్యత అమ్మ చూపుడువేలికి అప్పగించాను. మధ్యాహ్నం ముద్దలు కూడా తనే తినిపించింది.

ఆరో గంటలో తెరమీద వెలుగును చూపే గీత కిందికి జారడం మొదలుపెట్టింది. సవరిస్తే పరీక్ష రద్దన్న సంగతే మరిచిపోయాను.

"అమ్మా, ఆ బాణం గుర్తు జర నొక్కు!"

"ఎర్రగైందా?"

"కాలే. అయినా నొక్కు."

"ఎర్రగైతెనే అన్నవ్ గద. నేను నొక్క."

"నా నౌకరి పోతదే!"

"పోతె పోనీ. మైదాకు చెడగొట్టకు."

ఇక లాభం లేదని ముక్కుతో నొక్కబోయాను. అమ్మ జడ పట్టి వెనక్కి గుంజింది. అంత చదువూ చదివి, ముక్కు కీబోర్డుకు నాలుగు వేళ్ల దూరంలో, జడ అమ్మ పిడికిట్లో. అలా ఉండగానే గీత దానంతటదే పైకి లేచింది.

సాయంత్రం ఆరింటికి, ఎనిమిది గంటలూ నిండాక, మా ల్యాబు సారు ఫోన్ చేశాడు. ఒక్క చెయ్యీ పడలేదట, మూడేళ్లూ ఖాయమట. ఏడుపొచ్చింది. తుడుచుకోను చేతుల్లేవు, అమ్మే కొంగుతో తుడిచింది. చేతులు కడుక్కున్నాక యంత్రం పాత రికార్డులు తీసి చూశాను. వెలుగు పోయిన చాలా రోజుల్లో, పోయే ముందు నా చెయ్యే పడింది. సిగ్గేసింది.

"అంటే, ఇగ మూడేండ్లు నువ్వు ఏం ముట్టకుంటె జీతమిస్తరా?" అంది అమ్మ.

"ఇస్తరు."

అమ్మ నా ఎర్రటి అరచేతుల పక్కన తన వేళ్లు పెట్టి చూసుకుంది. మొగ్గలు ఒలిచి ఒలిచి గోళ్లు అరిగిపోయాయి, కొసలు నల్లబడ్డాయి.

"పత్తి పువ్వొచ్చినప్పుడు నాకు గూడ పెట్టు బిడ్డా," అంది. "రెండు చేతులకు."