గీకేసిన మందు సీసా

నా చిన్నప్పుడు మా ఇంట్లో మందు సీసాలకు పేరుండేది కాదు. సీసా ఇంటికి రాగానే మా తాత దాన్ని తడిపి, పైనున్న కాగితాన్ని గోటితో గీకేసేవారు. తనకున్న రోగమేమిటో, ఎవరు వైద్యం చేస్తున్నారో పనివాళ్లకు కూడా తెలియకూడదు. మాది ఒకప్పుడు కోటలాంటి గడి ఉన్న దొరల ఇల్లు. గొప్పకు చెప్పడం లేదు, ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. నాకు బుద్ధి తెలిసేనాటికే గడి వెనక గోడ కూలిపోయింది. ముందరి గోడకు మాత్రం ఏటా సున్నం పడేది.

తాతది గుండె జబ్బు. మా ఊరు మక్తల్ దగ్గర. ఆయన ఒకసారి రాయచూరులో, ఇంకోసారి పాలమూరులో చూపించుకునేవారు. ఒక వైద్యుడి దగ్గర ఇంకో వైద్యుడి పేరెత్తడం ఆయన లెక్కలో మర్యాద కాదు. ఒకరింట్లో తిన్నది ఇంకొకరింట్లో చెబుతామా అనేవారు. అందుకని ఇద్దరు డాక్టర్లూ మొదటినుంచి మొదలుపెట్టేవారు. అక్కడ తీసిన ఎక్స్‌రే ఇక్కడ మళ్లీ తీసేవారు. వాగు ఒడ్డున మాకు మిగిలిన చివరి మడి అట్లా రెండు దవాఖానల మధ్య కరిగిపోయింది.

ఒక ఎండాకాలం తాతకు వాంతులు పట్టుకున్నాయి. ఏది చూసినా పసుపు పచ్చగా కనిపిస్తున్నదనేవారు. పాలమూరు డాక్టరు రోగం ముదిరిందనుకొని మందు పెంచాడు.

మా గడి ఆడవాళ్లు పరాయి మగవాళ్ల ముందుకు వచ్చేవారు కాదు. మందు పెంచినా వాంతులు ఆగకపోయేసరికి ఒకరోజు మా అవ్వ వచ్చింది. నన్ను వెంటబెట్టుకొని తాతతో పాటు బస్సెక్కి, పాలమూరు డాక్టరు గదిలోకి నడిచి, కొంగు ముడి విప్పి రెండు సీసాలు బల్లమీద పెట్టింది.

"ఈయన చెప్పరు సారూ, నేను చెప్తున్న. మీదీ మింగుతున్రు, రాయచూరుదీ మింగుతున్రు."

తాత గోడవైపు తల తిప్పుకున్నారు. "ఇగ ఊరంత డప్పు కొట్టియ్యి."

"కొట్టిస్త. మీరు బతికుండి ఇనుండ్రి," అన్నది అవ్వ.

డాక్టరు రెండో సీసాను అటూ ఇటూ తిప్పి, పేరేది అని అడిగాడు. పేరు తాత గోటి కింద ఎప్పుడో పోయింది. రెండు మందులూ ఆపమని చెప్పి, రాయచూరుకు ట్రంకు కాల్ పెట్టించాడు. ఆ రోజుల్లో ఫోను కలవడానికి పొద్దంతా పట్టేది. వరండాలో బల్లమీద తాత తల అవ్వ ఒడిలో ఉంది. అంతమంది ముందు ఆయన పడుకోవడం నేనెన్నడూ చూడలేదు. చివరికి ఫోను కలిసింది. ఇద్దరూ ఇచ్చింది ఒకటే మందని, రెండింతలు పడి అదే విషమైందని తెలిసింది. అప్పటికి తాత లేరు.

దినాలు అయ్యాక అవ్వ నాతో, "రోగం గాదు బిడ్డా, గీకిన కాగితం తిన్నది మీ తాతను," అన్నది. ఆ తర్వాత తన ఒంట్లో బాధను ఎవరడిగినా దాచకుండా చెప్పేది. చుట్టాలు తల దించుకునేవారు. అవ్వ దించుకోలేదు.

ఇప్పుడు నాదీ అదే గుండె. తెలంగాణ వచ్చాక పాలమూరులో పెద్ద దవాఖానలు లేచాయి. అయినా అక్కడ తీసిన స్కానింగును హైదరాబాదులో పక్కన పడేసి, "బయటిది మాకు నడవదమ్మా, మళ్లీ తీయించుకోండి," అన్నాడు డాక్టరు. నేను కుర్చీలోంచి లేవలేదు. అది తీయించిన పాలమూరు డాక్టరుతో ఫోనులో మాట్లాడండి, కూర్చుంటానన్నాను. చిరాకు పడుతూనే మాట్లాడాడు. స్కానింగు అక్కర లేకపోయింది. అన్నిసార్లూ అట్లా జరగదు. ఎక్కువసార్లు మళ్లీ తీయించుకునే బయటికి వచ్చాను. నాకంటే లేనివాళ్లు ఆ గదుల ముందు ఏ మడి అమ్ముకొని కూర్చున్నారో.

వెన్ను వంచడం నాకు ఇప్పటికీ రాదు. కానీ ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు మందుల సంచి బోర్లిస్తాను. గోలీల రేకును పేరున్న వైపు ఎన్నడూ చించను. అవతలి చివరి నుంచి ఒక్కొక్కటీ తీసి మింగుతాను. ఆఖరి గోలీ అయిపోయినా పేరు మిగిలి ఉంటుంది.