నిమ్మరసం తప్పించుకున్న రంగు చేపలు

ఈ రోజు అమ్మకానికి రంగు చేపల్ని నీళ్ల సంచుల్లో వేసి, గాలి నింపి, మూతి బిగించి ఆటోలో మహబూబాబాద్‌ బయల్దేరాను. కొడకండ్ల దగ్గర తెలంగాణ కోసం దీక్షకు కూర్చున్నవాళ్లు ఆపారు. ఆలస్యమైతే సంచిలో గాలి అయిపోయి చేపలు చస్తాయి. బతిమాలే రకం కాదు నేను.

"బంద్ రోజు యాపారమేంది తాతా?" అన్నాడు వాళ్ల నాయకుడు.

"గివి గూడ దీక్షలనే ఉన్నయిరా! నిన్న పొద్దుగాల సంది ఏం ముట్టలే."

అబద్ధం కాదు. దారిలో సంచి నీళ్లు పాడవకుండా ఒకరోజు ముందే చేపలకు మేత ఆపేస్తాం.

చప్పట్లు కొట్టి సంచులకు దండలేశారు. అంతటితో వదిలారా? దీక్ష విరమింపజేస్తానంటూ నాయకుడు నిమ్మరసం గ్లాసుతో వచ్చి సంచి మూతి విప్పబోయాడు. గ్లాసు లాక్కుని నేనే తాగేసి ఆటో ఎక్కాను.

పొద్దున్నే కడుపునిండా తిన్న నేను తాగితే చేపల దీక్ష ముగిసినట్టేనా? మీరే చెప్పండి.