అమ్మవారు ‘పటేలా’ అని పిలవదు

తల మీది గంప దించి ఏళ్లయింది. ఇప్పుడు నాకు షట్టరున్న కొట్టు ఉంది. కొట్లో కుళాయి ఉంది, కూర్చోవడానికి కుర్చీ ఉంది. అయినా ఒక బరువు మాత్రం దిగలేదు. అది ఎవరికీ కనిపించేది కాదు కాబట్టి ఎవరూ చెయ్యి సాయం పట్టలేదు. ఈ రోజు దాన్ని మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది, తెలిస్తే నోరు రాదు.

ముందే ఒక మాట చెప్పాలి. నేను ఏడుస్తూ రాయడం లేదు. చేసిన పనికి సిగ్గుపడుతున్నానా? పడుతున్నాను. ఆ రోజు మళ్లీ వస్తే అబద్ధం ఆడనా? ఆడతాను, ఇంకా గట్టిగా ఆడతాను. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయని మీరు అడగకండి, ఎందుకంటే గల్లాపెట్టె ముందు కూర్చుని, కూరలు తూస్తూ, నవ్వుతూ, బేరాలాడుతూ, లోపల నన్ను నేను ఇదే అడుగుతూ వచ్చాను.

జనగామ నడిబొడ్డున మా కాంప్లెక్సు ఉంది. కింది అంతస్తుల్లో దుకాణాలు, పైన ఫ్లాట్లు. చీరలు, చెప్పులు, సెల్‌ఫోన్లు, పిజ్జాలు, పళ్ల డాక్టరు, అన్నీ ఒక్కచోటే. మెట్లు వాటంతట అవే కదులుతాయి. తెరిచిన రోజు కూరలమ్మే మా ఆడవాళ్లు కుచ్చిళ్లు రెండు చేతులా ఎత్తిపట్టుకుని, కెవ్వుమని అరుస్తూ ఆ మెట్లెక్కి, పైకి చేరాక రాణుల్లా నాకు చేయి ఊపారు. ఆ కాంప్లెక్సులో కూరగాయల వరుస ఎక్కడుందో తెలుసా? వెనక చెత్తకుండీల దగ్గర కాదు. సరిగ్గా ముందు గుమ్మం పక్కన. ఫ్లాట్లు అమ్మడానికి వేసిన ప్రకటనలో మా టమాటాల ఫొటో ఉంది, కింద ‘మీ ఇంటి కిందే తాజా కూరగాయలు’ అని రాసి ఉంది. మిగతా ఊళ్లలో ఇలాంటి మేడ లేస్తే గంపలవాళ్లు ఎటు పోతారో కూడా ఎవరికీ పట్టదు. మేం మాత్రం పోలేదు. గెలిచాం. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ గెలుపు నా అబద్ధంతో వచ్చింది.

అక్కడ మొదట రైసుమిల్లు ఉండేది. మిల్లు యజమానులది రేగొండ వైపు బాగా భూములున్న ఇల్లు. తండ్రి పోయాక కొడుకు చేతికి వచ్చింది. ఆయన్ని ఊరంతా పటేల్ అనే పిలుస్తుంది, ఆయన అసలు పేరు నాకు బోర్డు మీద చూసేదాకా తెలియదు. ఆ మిల్లు గోడ నీడలో మా అత్త కూరగాయలు అమ్మింది. ఇంటరు తప్పిన నేను పెళ్లయ్యాక అదే నీడలో గంప పెట్టాను. పెద్ద పటేల్ ఎప్పుడో “కూసోండ్రి” అన్న నోటిమాట తప్ప మాకు ఏ హక్కూ లేదు.

మిల్లు కూల్చి మేడలు కడతారని తెలిసి మేమంతా వెళ్లి అడిగాం. “కట్టినంక చూద్దాం తియ్యిండ్రి” అన్నాడు పటేల్. మర్యాదగానే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, మేం ఆయన లెక్కలో లేము, అంతే. ఆఫీసు గోడకు కాంప్లెక్సు బొమ్మ అంటించి ఉంది. మేం కూర్చునే చోట ఆ బొమ్మలో కార్లు నిలబడి ఉన్నాయి. ఆ గంప మీదే నా ఇల్లు నడిచేది. మిగతా వాళ్ల ఇళ్లూ అంతే. పెద్ద మనుషుల దగ్గరికి తిరిగాం, కాళ్లు అరిగాయి. అందరూ అయ్యో అన్నారు.

పటేల్‌కు భయమంటూ ఉంటే మిల్లు మూలన గుడిలో ఉన్న పోచమ్మ దగ్గరే. పునాదికి ముగ్గు పోయడానికి ముందు అమ్మవారి మాట అడగాలని ఆయనే బోనాలు చేయించాడు. అమ్మవారు మనిషి మీదికి వచ్చి పలకడాన్ని మా వైపు శిగమూగడం అంటారు. మా దగ్గర అమ్మవారు వచ్చేది కొమురవ్వ మీదికి. నా పక్కనే కూర్చుని ఆకుకూరలు అమ్మే పెద్దమనిషి. పిల్లలకు జ్వరం వచ్చినా, బర్రె తప్పిపోయినా, మొగుడూ పెళ్లాల మధ్య మాట పడిపోయినా జనం ఆమె ఇంటికే పోయేవాళ్లు. ఆమె ఎవరి దగ్గరా ఏమీ ఆశించేది కాదు. తన మీదికి వచ్చిన అమ్మ కోరేది కూడా కొంచమే, ఒక చీర, ఒక కోడి.

అదే నా భయం. చీర ఇస్తే సరేనంటుంది అమ్మ. చీరదేముంది, పటేల్ పది ఇస్తాడు. మరి మేం?

అందుకే బోనాలకు ముందు ఆమెను బతిమాలాను, మన జాగా సంగతి అమ్మతో చెప్పించమని. కొమురవ్వ కొత్తిమీర కట్టలు పక్కన పెట్టి నా వైపు చూసింది. “అమ్మ నోట్లె నా మాట వెట్టాల్నా? పాపం దగులుతది, పో” అంది.

బోనాలనాడు డప్పులు మోగుతున్నాయి. అమ్మవారి కథ పాడే బైండ్లాయన జమిడిక వాయిస్తున్నాడు. పటేల్ చేతులు కట్టుకుని ముందు నిలబడ్డాడు. కొమురవ్వ వేపమండలు పట్టుకుని కదలకుండా ఉంది. నేను ఆమె పక్కన ఉన్నాను. కార్ల బొమ్మ కళ్ల ముందు తిరిగింది. ఏమైందో ఏమో, కేక పెట్టాను. కాదు, ‘ఏమైందో ఏమో’ అనడం కూడా అబద్ధమే. ఏమవుతోందో నాకు బాగా తెలుసు. తెలిసే జుట్టు విప్పుకున్నాను, తెలిసే ఊగాను, ఊగుతూ ఊగుతూ ఓరకంట పటేల్ ఎక్కడున్నాడో చూసుకున్నాను.

“ఎవలు తల్లీ నువ్వు? ఏం గావాలె?” అని అడిగాడు బైండ్లాయన.

“పటేలా!” అని అరిచాను. “నా కడప ముంగట కూసున్న ఆడివిల్లలను లేపినవో, నీ మేడల మనిషి నిలువడు! వాళ్లకు జాగ జూపియ్యి. ఎనుకకు గాదు, ముంగటి దర్వాజ పక్కకే జూపియ్యి!”

వెనక ఎక్కడో మూలన పడేస్తాడేమోనని దర్వాజా సంగతి కూడా ముందే తేల్చేశాను చూడండి. అమ్మవారికి దర్వాజా ఎటుంటే ఏం పని? అయినా ఎవరికీ అనుమానం రాలేదు. పటేల్ నా కాళ్ల మీద పడ్డాడు. “తప్పయింది తల్లీ, ఇస్త, తప్పక ఇస్త” అన్నాడు. ఆ రోజు వరకు ఆయన ఎదురొస్తే నేను చెప్పులు విడిచి పక్కకు జరిగేదాన్ని. ఆయన తల నా పాదాల మీద ఆనినప్పుడు, ఆ ముసుగులో కూడా, నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. పాపభయం కాదు. సంతోషం. అది కూడా ఒప్పుకోవాలి కదా.

ఆయన మాట తప్పలేదు. బొమ్మ మార్పించాడు, కార్లు పక్కకు జరిగాయి. నోటిమాటతో ఒకసారి మోసపోయే దాకా వచ్చాం కాబట్టి ఈసారి కొట్లు మా పేర రిజిస్టరు చేయించుకున్నాం. కాంప్లెక్సు తెరిచిన రోజు డప్పులు పెట్టించి, మేమే ముందుండి ఆడుతూ లోపలికి పోయాం. పైన అద్దాల షోరూముల వాళ్లు బయటికొచ్చి చూశారు. అబ్బ, ఏం రోజది!

ఆ గుంపులో కొమురవ్వ లేదు.

అమ్మ ముసలిదాన్ని విడిచిపెట్టి పడుచుదాని మీదికి పోయిందని జనం అనుకున్నారు. ఎవరూ ఆమెను తిట్టలేదు. పోవడం మానేశారు, అంతే. ఆమె వాకిట్లో ఆగే మనుషులు నా వాకిట్లో ఆగడం మొదలుపెట్టారు. పండగకు అమ్మవారి ముందు మొదటి సాక నీళ్లు పోసేటప్పుడు ఆమెను పిలవడం మర్చిపోయారు. ఆమె తన కొట్టు తీసుకోవడానికి కూడా రాలేదు. మానుకోట అవతల కూతురి ఊరికి వెళ్లిపోయింది.

కొట్లో కూర్చున్నాక నాకు అన్నం సయించేది కాదు. చివరికి ఒక రోజు బస్సెక్కి వెళ్లాను. కొమురవ్వ కూతురింటి అరుగు మీద పెసరకాయ ఒలుస్తోంది.

“అవ్వా, బోనాలనాడు నా మీదికి అమ్మ రాలే” అన్నాను.

“ఎర్కే.”

“ఎట్ల ఎర్కైందవ్వా?”

“అమ్మ ఎన్నడన్న పటేలా అంటదా? కలెక్టరైనా, కూలోడైనా అమ్మకు కొడుకే. కొడకా అంటది. పటేలా అనేది మనం.”

జుట్టు విప్పాను, కేకలు పెట్టాను, కళ్లు తేలేశాను, అంత చేసీ మొదటి మాటలోనే దొరికిపోయాను. అమ్మవారి గొంతుతో అరుస్తూ కూడా నా నాలుక ఆయన ముందు వంగే ఉంది. మరి పటేల్ ఎందుకు కనిపెట్టలేదు? పుట్టినప్పటి నుంచి అందరి నోటా అదే విన్నవాడు, అమ్మవారు కూడా అలా పిలిస్తే ఆయనకు వింతేముంది? ఈ మాట నేను పైకి అనేసరికి కొమురవ్వ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. గండం గడిచిందనుకున్నాను.

“మరి గప్పుడే ఎందుకు చెప్పకపోతివవ్వా?”

“చెప్తే మన ఆడోళ్ల జాగ పోతుండె. గందుకే నోరు మూసుకున్న. గని నా రెట్ట వట్టి ఎనుకకు నూకినవ్. యాదికున్నదా?”

పైన బోనాలనాటి సంగతి రాసినప్పుడు నేను ఈ ముక్క దాటేశాను. మీకు చెప్పడానికే కూర్చుని, మీ దగ్గర కూడా దాచబోయాను. కొమురవ్వ కదలకుండా ఉందని రాశాను కదా, అది నిజం కాదు. ఆమె భుజాలు వణకడం మొదలైంది. మండలు ఊగాయి. కళ్లు మూతలు పడుతున్నాయి. ఇంకొక్క క్షణం ఆగితే పలికేది. చీర కోరుతుందేమో, కోడి కోరుతుందేమో, మా బతుకులు అంతటితో సరి అనుకుని నేను ఆమె రెట్ట పట్టుకుని వెనక్కి తోసి ముందుకు దూకాను. ఆమె గోడకు తగిలి అలాగే నిలబడిపోయింది.

“యాదికున్నది. మాఫ్ చెయ్యవ్వా” అన్నాను.

“నేనెందుకు జేస్త? నా తాన ఒప్పుకుంటె నీ పానం నిమ్మలమైతది. నాకేమొస్తది? నన్ను నమ్మినోళ్లకు జెప్పుపో.” అని లేచి లోపలికి వెళ్లింది. చాయ్ తెచ్చి ఇచ్చింది. నేను తెచ్చిన చీర మాత్రం ముట్టలేదు.

వచ్చేశాను. చెప్పానా? చెప్పలేదు. చెబితే ఆడవాళ్ల కొట్లు పోతాయని నాకు నేను చెప్పుకున్నాను. రిజిస్టరైన కొట్లు ఎక్కడికి పోతాయి? అసలు కారణం వేరు. లిఫ్టు దగ్గర ఫ్లాట్లవాళ్లు ఎదురైతే దండం పెట్టేవాళ్లు. పటేల్ కారు దిగి “అమ్మా, మంచిగున్నవా” అని అడిగేవాడు. అది నాకు తియ్యగా ఉండేది. ఏటా శ్రావణంలో ఊగమంటే ఊగాను. ‘కొడకా’ అని పిలవడం నేర్చుకున్నాను. తప్పు ఒప్పుకోవడానికి పోయి, దొరక్కుండా ఎలా ఆడాలో తెలుసుకుని వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మొన్న పై అంతస్తు పిల్ల ఒకతి చంటిబిడ్డను ఎత్తుకుని కొట్టుకు వచ్చింది. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. దవాఖానకు పోకుండా నా మాట కోసం ఆగిందట. “బొట్టు వెట్టమ్మా, తగ్గుతది” అంది. కొట్టు వదిలేసి, ఆ బిడ్డను నేనే ఎత్తుకుని ఆటోలో దవాఖానకు ఉరికాను. బిడ్డ బాగుంది. కొమురవ్వ అయితే ఏం చేసేదో నాకు తెలుసు. ఆమె బొట్టు పెట్టి, అదే నోటితో “దవాఖానకు పోయిరా బిడ్డా” అనేది, పోయేదాకా ఊరుకునేది కాదు.

ఆ పిల్ల కళ్లలోకి నేను చూడలేకపోయాను. అందుకే కలం పట్టాను.

ఇది చదివేవాళ్లలో మా వరుసలో కూరలు కొనేవాళ్లు ఉంటారు. పేరు రాయకపోయినా నేనెవరో గుర్తుపడతారు. పట్టండి. రేపు కొట్టుకు వచ్చి ఉమ్మినా నేను షట్టరు దించను. ఆ కొట్టు కోసం నేను చేసిన పోరాటం దొంగదే, అయినా నా వరుసలో కూర్చున్న ఏ ఆడదానికీ అందులో పాలు లేదు, వాళ్లను ఒక్క మాట అనకండి. కొమురవ్వ క్షమిస్తుందని నేను రాయడం లేదు. క్షమించనని ముఖం మీదే చెప్పింది. చెప్పమన్నది మాత్రం చెబుతున్నాను, చెబుతుంటే గుండె నిండా గాలి ఆడుతోంది.

అమ్మ ఆమెను విడిచిపోలేదు. ఆ రోజు కూడా ఆమె మీదికే రాబోయింది. పక్కకు తోసింది నేను.