రైలు సీటులో విమానం

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే ప్యాసింజరులో నా ఎదుటి సీటు యువకుడు కళ్లు మూసుకుని ఏదో గొణుగుతున్నాడు. చేతులు కదులుతున్నాయి, కాళ్లు కూడా. ఆత్మావేశంతో ప్రార్థిస్తున్నాడనుకున్నాను. అతను ఆగగానే, సంఘంలో అలవాటు కొద్దీ గట్టిగా "ఆమెన్" అన్నాను.

అతను ఉలిక్కిపడి, నవ్వేశాడు. "ప్రార్థన కాదు పెద్దమ్మా, విమానం దించతా ఉండా."

వాయుసేనలో పైలట్ శిక్షణట. "నేర్పే విమానాలు చాలక నాలుగు నెలలుగా నేల మిందే ఉండాము. వంతు వచ్చేలోగా చేతులు మరిసిపోతే పరీక్షలో తప్పించి ఇంటికి పంపేస్తారు. అందుకే దినమ్మూ ఇట్లా."

ఓర్పు గురించి కంఠతా వచ్చిన బైబిలు వాక్యాలెన్నో నా నోటిదాకా వచ్చాయి. వాటిని పక్కన పెట్టి, అతని కాళ్లకు అడ్డంగా ఉన్న నా సంచిని ఒళ్లోకి తీసుకుని, "ఇప్పుడు దించు నాయనా" అన్నాను.

పాకాల దాటేదాకా ఎన్నిసార్లు దించాడో! చివరికి కళ్లు తెరిచి, "ఈసారి కుదుపే లేదు పెద్దమ్మా" అన్నాడు.

పేరు అడగలేదు. ఏళ్లయింది. ఆదివారం ప్రార్థనలో "తండ్రీ, ఆ పిల్లవాడికి వంతు ఇప్పించు" అంటూనే ఉన్నాను. ఈపాటికి వచ్చే ఉంటుంది. అయినా అడగడం మానలేకపోతున్నాను.