చివర చూడని సినిమా

మా అత్తిముగం వాళ్లకు హోసూరులో సినిమా చూడడమంటే ముక్కాలు సినిమా, అంటే ముప్పాతిక సినిమా చూడడమే. మ్యాట్నీ ఆట పూర్తయ్యేలోపే మా ఊరి బస్సు బయల్దేరిపోతుంది. అది తప్పితే పాలు పితికే వేళకు ఇల్లు చేరలేం. పాల సొసైటీవాళ్లు మాకోసం కాచుకుని కూర్చోరు కదా! అందుకని ఎంత మంచి సినిమా అయినా ఆవులు గుర్తుకు రాగానే లేచేవాళ్లం. అదొక నష్టమని ఎవరూ అనుకోలేదు. చివర ఏముంటుంది, నాలుగు తన్నులు, ఒక పోలీసు జీపు, అందరూ వరసగా నిలబడి నవ్వడం. ఆ మిగిలిన ముక్క బస్సులో మేమే కల్పించుకుని చెప్పుకునేవాళ్లం.

తొంభైల్లో ఒక ఎండాకాలం అవ్వ, అమ్మ, చిన్నమ్మ, నేను అలాగే ఒక సినిమాకు పోయాం. చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య. ఆమె పక్కలో పడుకున్న పసిబిడ్డ ఒక పొద్దున ఇక లేవలేదు. అది జరిగి అప్పటికి ఏడాది కాలేదు. పేడ ఎత్తుతూ తనలో తాను మాట్లాడుకునేది. పని అయిపోతే వచ్చి మా తమ్ముడి ఉయ్యాల పక్కన నిలబడి, వాడి ముఖం చూస్తూ ఉండిపోయేది. ఇంట్లో ఎవరూ తప్పు పట్టలేదు. కడుపుకోత అంటే అంతే కదా అనేది అవ్వ. ఆమె మనసు మళ్లుతుందని సినిమాకు బయల్దేరదీసింది కూడా అవ్వే.

తీరా చూస్తే, మా ఖర్మ, ఆ సినిమాలో కూడా బిడ్డను పోగొట్టుకున్న తల్లి. ఆ బిడ్డ ఎలా పోయిందో ఎవరికీ తెలియదు. ఆ తల్లి ఒంటరిగా మాట్లాడుతుంది. రెండో బిడ్డ ఉయ్యాల పక్కన, చేతిలో దిండుతో, రెప్ప వేయకుండా నిలబడుతుంది. భర్త డాక్టరు దగ్గర ఏడుస్తాడు: నా భార్యే బిడ్డను చంపింది, ఆ సంగతి ఆమెకే తెలియదు అని. హాలంతా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడే అవ్వ మోచేత్తో నన్ను పొడిచింది. లేచి బస్సుకు పరుగెత్తాం.

ఆ రోజు బస్సులో ఎవరూ కథ కల్పించలేదు. చిన్నమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు ఉయ్యాల అమ్మ గదిలోకి మారింది. చిన్నమ్మ తమ్ముణ్ణి ఎత్తుకోబోతే, వాడు కేరింతలు కొడుతున్నా సరే, "నిద్రపోతా ఉండాడు" అనేది అమ్మ. కొద్దిరోజులకే అవ్వ చిన్నాయనతో అంది: "నాకు గుండె దడగా ఉందప్పా. కొన్నాళ్లు ఆమెను బర్గూరులో వాళ్లన్న ఇంట్లో ఉండనీ."

చిన్నమ్మ రెండు చీరలు సంచిలో పెట్టుకుని పోయింది. ఆ కొన్నాళ్లు ఏళ్లయ్యాయి. చిన్నాయన మొదట్లో పోయి వచ్చేవాడు, తర్వాత మానేశాడు. ఒక మనిషిని ఇంత సులువుగా ఇంట్లోంచి తీసేయొచ్చా అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను మత్తిగిరిలో కాపురం పెట్టాక అవ్వ చూసిపోదామని వచ్చింది. ఒక మధ్యాహ్నం కేబుల్ టీవీలో అదే సినిమా వచ్చింది. వద్దు వద్దంటూనే అవ్వ కళ్లు తిప్పుకోలేదు. మాకు పట్టుకోవలసిన బస్సేదీ లేదు. చివర్లో తెలిసింది, బిడ్డను చంపింది భర్త. భార్యకు పిచ్చి అని అందరినీ నమ్మించిందీ అతనే. ఆ దిండు ఆమె అతని చేతిలోంచి లాక్కున్నది. ఉయ్యాల పక్కన నిలబడింది బిడ్డకు కాపలాగా.

"అయ్యో, మనం లేచి వచ్చేస్తిమే!" అని అవ్వ నెత్తి కొట్టుకుంది.

మర్నాడే బర్గూరు పోయాం. చిన్నమ్మ వాళ్లన్న ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జుట్టు సగం నెరిసింది. అవ్వ ఆమె పక్కనే కూలబడి ఆ సినిమా చివరంతా చెప్పింది. "ఆ యమ్మ ఏ పాపం చేయలేదంట తల్లీ. నిన్ను అనవసరంగా అనుమానిస్తిమి" అని ఏడ్చింది.

చిన్నమ్మ చేతిలోని చింతపండు పక్కన పెట్టింది.

"మీరు పొమ్మన్నారని కాదత్తా నేను వచ్చింది. నేనూ చూసినాను కదా ఆ సినిమా. నాకు తెలీకుండా నా బిడ్డను నేనే ఏమన్నా చేసినానేమో అనిపించింది. మళ్లా మీ మనవడిని కూడా ఏమన్నా చేస్తానేమోనని భయపడి వచ్చేసినాను. ఈడ కూడా ఇన్నేండ్లూ ఏ బిడ్డనూ ఎత్తుకోలేదు."

లోపలినుంచి వాళ్లన్న మనవరాలు పాకుతూ వచ్చింది. అవ్వ ఆ బిడ్డను ఎత్తి చిన్నమ్మ ఒడిలో పెట్టబోయింది. చిన్నమ్మ గబుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.