మస్తాన్ గడ్డం ఎందుకు పెరగలేదు

1999 చలికాలం, అంటే ఆస్ట్రేలియా లెక్కన జూలై. పెర్త్ నగరంలో కానింగ్ వేల్ దగ్గర ఒక షాపింగ్ సెంటర్‌లో, మందుల షాపుకీ బేకరీకీ మధ్య ఇరుక్కున్న కళ్ళద్దాల షాపులో ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తుండేదాన్ని. చూపు పరీక్షించి అద్దాలు రాసివ్వడం, తేడా కనిపిస్తే కంటి డాక్టర్ దగ్గరికి పంపడం నా పని. ఆ ఏడాది మా గిరాకీలో సగం వైటూకే పుణ్యమే. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయన్న భయంతో కంపెనీలు మన కుర్రాళ్ళని విమానాల నిండా దింపుకున్నాయి. వాళ్ళు ఎర్రటి కళ్ళతో వచ్చి, "స్క్రీన్ ఎఫెక్ట్ మేడమ్" అని జబ్బు పేరు కూడా వాళ్ళే చెప్పేసేవారు. ఇక నేనెందుకో నాకర్థమయ్యేది కాదు.

మస్తాన్ (పేర్లన్నీ మార్చాను) అలాగే వచ్చాడు. గుంటూరు మనిషి, ముప్ఫై దాటాయి, పాత మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాములు సరిచేసే పని. వెంట భార్య షమీమ్, నాలుగేళ్ళ కూతురు నూరీ. తెలుగు వినగానే నన్ను అక్కా అనేశాడు. తలనొప్పి, కారు సైడ్ మిర్రర్ రెండుసార్లు గోడకి గీసుకుంది, మంచి కోటింగ్ ఉన్న అద్దాలు కావాలి, అంతే అన్నాడు. ఇంట్లో ఏం చెప్పినా పట్టించుకోవడం లేదని షమీమ్ అందుకుంది. అతను నవ్వేశాడు.

"మగాడి బ్రెయిన్‌లో ఒకటే వైరక్కా, ఒక టైమ్‌లో ఒకటే పని. ఆడాళ్ళకి వైర్లన్నీ కలిసిపోయి ఉంటయ్. మధ్యలో ఆ హార్మోన్లొకటి. అందుకే ప్రతిదానికీ ఏడుపు."

ఆ రోజుల్లో ఐటీ వాళ్ళ మధ్య బాగా తిరిగిన జోకు అది. నాకు ఒళ్ళు మండింది గానీ, పేషెంటు కదా, బోర్డు మీద అక్షరాలు చదవమన్నాను. చివరి వరుస దాకా గడగడా చదివేశాడు.

అప్పుడే నూరీ అతని కుడి పక్కకొచ్చి బిస్కెట్ ముక్క చాచి నిలబడింది. అతను తిరగలేదు. పిల్ల అలాగే నిలబడింది. షమీమ్ ముఖం వాడిపోయింది. బిస్కెట్ చేతికి తగిలేసరికి మస్తాన్ ఉలిక్కిపడ్డాడు. పట్టించుకోనివాడు అలా ఉలిక్కిపడడు. ఆ పిల్ల అతనికి కనిపించనే లేదని నాకు అనుమానమొచ్చింది.

విజువల్ ఫీల్డ్ టెస్ట్ పెట్టాను. తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, మధ్య చుక్కనే చూస్తూ, చుట్టూ ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా బటన్ నొక్కాలి. ఒక్కో కంటికీ విడివిడిగా చేస్తాం. కాగితం బయటికొచ్చింది. కుడి కంటికి కుడి సగం, ఎడమ కంటికి ఎడమ సగం నల్లగా ఉంది.

రెండు కళ్ళ నరాలూ మెదడు కింద ఒకచోట కలుస్తాయి. పక్కల చూపు మోసే పోగులు అక్కడే అటుదిటు, ఇటుదటు మారతాయి. సరిగ్గా దాని కిందే శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. ఒంట్లో హార్మోన్లన్నిటి మీదా పెత్తనం దానిదే. అక్కడ గడ్డ పెరిగితే ముందు పోయేది పక్కచూపే.

అతను పిల్లని తీసుకుని బేకరీకి వెళ్ళిన కాసేపట్లో, ఈ మధ్య మనిషిలో మార్పేమైనా ఉందా అని షమీమ్‌ని అడిగాను. బేకరీ వైపు ఓసారి చూసి చెప్పింది.

"రంజాన్ నుంచి గడ్డం పెంచుతానంటున్నాడక్కా. రావట్లా. నమాజుకెళ్తే ఫ్రెండ్స్ ఎగతాళి చేస్తున్నారు. ఎప్పుడూ అలసటే. నన్నసలు..." అని ఆగింది. "నేనంటే ఇష్టం పోయింది. వచ్చే వారం పిల్లని తీసుకుని గుంటూరు వెళ్ళిపోతున్నా. టికెట్లు కూడా తీసుకున్నా."

ఆ సాయంత్రమే ఆసుపత్రికి పంపాను. కారు మాత్రం అతన్ని ముట్టుకోవద్దన్నాను. స్కాన్‌లో గడ్డ కనిపించింది. క్యాన్సర్ కాదు. రక్తంలో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ విపరీతంగా ఉంది. ఆ గడ్డ తయారుచేస్తున్నది దాన్నే.

నాలుగు రోజులకి ముగ్గురూ మళ్ళీ షాపుకొచ్చారు. మాత్రలు ఇచ్చారట, అతను వేసుకోవడం లేదట. వైటూకే పని ముగిసే జనవరి దాకా ఆగవచ్చా అని నన్నడిగాడు. కారణం తల దించుకుని చెప్పాడు.

"అది పాలిచ్చే తల్లులకుండే హార్మోనంటక్కా. మగాడి ఒంట్లో అదేంది? ఆఫీసులో తెలిస్తే తలెత్తుకోగలనా?"

ఆగితే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చని చెప్పాను. ఆ హార్మోన్ మగవాళ్ళలోనూ ఉంటుందని, మగ హార్మోన్ ఆడవాళ్ళలోనూ ఉంటుందని, తేడా పాళ్ళలోనేనని చెప్పాను. ఆడ మెదడుకీ మగ మెదడుకీ తేడాలే లేవని నేననను. కానీ ఈ హార్మోన్ హద్దు దాటితే ఎవరి ఒంట్లోనైనా కోరిక, హుషారు తగ్గుతాయి, గడ్డం పెరిగేవాడికి గడ్డం కూడా. నేనెంత చెప్పినా అతను జనవరి దాకా చూద్దామనే అన్నాడు. అప్పుడు షమీమ్ మాట్లాడింది.

"నూరీకి పాలిచ్చిన రోజుల్లో నాకూ ఇట్టాగే ఉండేది. ఎవరూ వద్దనిపించేది, మీరు కూడా. ఊరికే ఏడుపొచ్చేది. అప్పుడు మీరు నా మీద అలగలా. అన్నం కలిపి తినిపించారు. ఇప్పుడు మీ వంతొచ్చింది, అంతే. దీనికి సిగ్గెందుకు?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత సూటిగా హార్మోన్ల గురించి చెప్పిన మనిషిని చూడలేదు. నాలుగు రోజుల క్రితం దాకా తనని వద్దనుకున్నాడనుకున్న మనిషి గురించి చెప్పిన మాట అది. నాకు ఆమె మీద గౌరవం పొంగింది. మస్తాన్ మంచినీళ్ళడిగి అక్కడే మాత్ర వేసుకున్నాడు. షమీమ్ టికెట్లు రద్దు చేసుకుని, రోజూ తనే అతన్ని ఆఫీసు దగ్గర దింపింది.

జనవరి వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. మనవాళ్ళంతా నది ఒడ్డున పార్కులో బార్బీ, అంటే ఇక్కడివాళ్ళ భాషలో బార్బెక్యూ, పెట్టుకున్నారు. మాంసం కాలుస్తూ ఎవరో మళ్ళీ ఆ వైర్ల జోకు మొదలుపెట్టారు. ఒత్తుగా గడ్డం పెరిగిన మస్తాన్, నవ్వుతాడనుకుంటే, పట్టకారు పక్కన పెట్టాడు.

"వైర్ల సంగతి నాకు తెలవదన్నా. హార్మోన్ తిరగబడితే మగాడు గూడా మూల కూర్చుని ఏడుస్తాడు. నేను ఏడిచా" అని జరిగిందంతా చెప్పాడు, పాల హార్మోన్ పేరుతో సహా. అంతమంది మగవాళ్ళ ముందు అది చెప్పడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. మరుసటి వారం ఇద్దరు నా షాపుకొచ్చి, తలుపు మూసి, గొంతు తగ్గించి ప్రశ్నలడిగారు.

నెలాఖరులో అతన్ని మళ్ళీ పరీక్షించాను. యంత్రం పెట్టబోయే ముందు, నా ముక్కునే చూడమని చెప్పి, రెండు చేతుల వేళ్ళూ పక్కల నుంచి మెల్లగా ముందుకు తెస్తున్నాను. వేళ్ళు ఇంకా దూరంగానే ఉన్నాయి. అతను చూపు కదల్చకుండానే అన్నాడు.

"నూరీ, ఆ అద్దాలు ముట్టుకోమాక. పగులుతయ్."

పిల్ల అతని కుడి పక్కన, ఫ్రేముల స్టాండు దగ్గర ఉంది. షమీమ్ చున్నీతో కళ్ళు తుడుచుకుంది. నేను వేళ్ళు దించేసి యంత్రం ఆన్ చేశాను.

అప్పటి నుంచి చివరి వరుస చదివాడు కదా అని ఎవరినీ పంపించెయ్యలేదు. మగవాడొచ్చినా అలసట గురించీ, మనసు గురించీ, గడ్డం గురించీ అడుగుతాను. తర్వాత పక్కన కూర్చున్న మనిషి వైపు తిరిగి, ఈయనలో మీకేం కనిపిస్తోంది అని కూడా అడుగుతాను.